ఐకిడోలో సామరస్యం

యుద్ధవిద్యకూ సామరస్యానికీ పొత్తు ఎక్కడిదని ఎవరైనా అడిగితే అది సమంజసమైన ప్రశ్నే. ఒకడు చెయ్యెత్తి కొట్టవస్తాడు. మరొకడు ఆ చేతిని అందుకొని అతనిని నేలకు దింపుతాడు. చూచేవారికి ఇందులో కనిపించేది పోరే గాని పొందు కాదు. అయినప్పటికీ జపాన్ దేశంలో పుట్టి, నేడు అనేక దేశాలలో అభ్యసింపబడుతున్న ‘ఐకిడో’ అనే విద్య తన పేరులోనే సామరస్యాన్ని చేర్చుకొన్నది. ఆ విద్యను గూర్చి వ్రాసినవారందరూ ఈ మాటను తప్పక వాడుతారు. అయితే తరచుగా వాడే మాట అరిగిపోయిన నాణెం వలె ముద్ర తెలియకుండా పోతుంది. సాధనశాలలో ఈ మాటకు నిజంగా ఉన్న అర్థమేమిటి, ఏది దాని అర్థం కాదు అన్న విషయాలను విద్యార్థి మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోని మూడు అక్షరాలు

ఐకిడో అన్నది మూడు అక్షరాల కూర్పు. ‘ఐ’ అనగా కలియుట, అమరుట. ‘కి’ అనగా ఊపిరి, ప్రాణశక్తి. సందర్భాన్ని బట్టి మనస్సు, ఉద్దేశం అన్న ఛాయలు కూడా దీనికి ఉన్నవి. ‘డో’ అనగా మార్గం. జూడో, కెండో మొదలైన పేర్లలో కనిపించే చివరి అక్షరం కూడా ఇదే. కనుక ఐకిడో అంటే స్థూలంగా ప్రాణశక్తులను కలిపే మార్గం అని చెప్పవచ్చును.

ఇందులో మొదటి అక్షరం ప్రత్యేకంగా గమనింపదగినది. దానిని పాత్ర నోటిపై అమరిన మూతగా వ్యాఖ్యానించడం కద్దు. మూత ఒక ఆకారం, పాత్ర మరొక ఆకారం. రెండూ ఒకే ఆకారమైతే ఒకదానిపై ఒకటి కుదరవు. మూత పాత్రను ఓడించదు, పాత్ర మూతకు లొంగిపోదు. రెండింటికీ ఉన్న భేదమే వాటి కలయికకు ఆధారం.

జపాన్ భాషలో సామరస్యానికి ‘వా’ అనే మరొక మాట ఉన్నది. క్రీ.శ. 604లో షోతోకు యువరాజు పేరిట వెలువడిన పదిహేడు అధికరణల శాసనంలో మొదటి అధికరణమే ఈ ‘వా’ను అమూల్యమైనదిగా ఎన్నుతుంది. అది పొరపొచ్చాలు లేని సమాజస్థితిని చెప్పే మాట. ఐకిడోలోని ‘ఐ’ స్థితిని చెప్పదు, పనిని చెబుతుంది. ఎదురెదురుగా వస్తున్న రెండు శక్తులు ఆ క్షణంలో, ఆ స్థలంలో కలవాలి. కలిపే పని ఎవరో ఒకరు చేయాలి. అది చేయకపోతే సామరస్యం దానంతట అది సిద్ధించదు.

మన భాషలలో దీనికి సరియైన మాట ఏది? ‘సామరస్యం’ అన్న సంస్కృతపదం రసం సమం కావడాన్ని సూచిస్తుంది. ఉర్దూలోని ‘హమ్ ఆహంగీ’ స్వరాలు కలియడాన్ని సూచిస్తుంది. ‘ఆహంగ్’ అనగా రాగం, లయ. రెండూ అందమైన మాటలే, రెండూ అర్థానికి దూరమైనవి కావు. అయినా తెలుగులోని ‘పొందిక’ అనే చిన్న మాట ‘ఐ’కి అన్నింటికన్న చేరువగా ఉన్నదని నాకు తోస్తుంది. పొందికగా ఉన్న వస్తువులు ఒకటైపోవు. వేరువేరుగానే ఉంటూ ఒకదానితో ఒకటి సరిగా అమరుతాయి.

జపాన్ భాషలో ‘ప్రేమ’ అనే అర్థం గల వేరొక అక్షరానికి కూడా ‘ఐ’ అనే ఉచ్చారణ. ఈ విద్యాస్థాపకుడు తన జీవితపు ఉత్తరార్ధంలో ఈ శబ్దసామ్యాన్ని ఆధారం చేసుకొని తన మార్గం ప్రేమమార్గమని బోధించేవారు. ఆ బోధ ఆయనకు పుస్తకాల నుండి రాలేదు. దానికి ఆయన జీవితమే నేపథ్యం.

బలం కోరినవాడు

స్థాపకుడు మోరిహెయి ఉయెషిబా 1883లో వకయామా మండలంలోని తనాబే అనే సముద్రతీర పట్టణంలో జన్మించారు. ఎత్తు ఐదడుగులకు కొంచెమే ఎక్కువ. బాల్యంలో తన తండ్రిని రాజకీయ ప్రత్యర్థుల మనుషులు కొట్టడం చూచి, బలవంతుణ్ణి కావాలని పట్టు పట్టారని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. 1904-05 నాటి రష్యా-జపాన్ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. 1912లో కొన్ని కుటుంబాలకు నాయకుడై, అడవులు కొట్టి సేద్యం చేయడానికి ఉత్తరానగల హొక్కైడో ద్వీపానికి వలస వెళ్లారు. అక్కడే 1915లో ఆయనకు సోకాకు టకెడా అనే గురువు తారసపడ్డారు. టకెడా నేర్పినది డైటో-ర్యూ అనే జుజుత్సు సంప్రదాయం. ఐకిడోలోని పట్టులలో అధికభాగానికి మూలం ఆ విద్యే. అనగా నేడు సామరస్యం పేర అభ్యసించే పట్టులు మొదట శత్రువు కీళ్లను విరిచేందుకు ఏర్పడినవి. ఈ సంగతిని విస్మరించరాదు.

1919 చివర తండ్రి జబ్బు కబురు విని ఇంటికి బయలుదేరిన ఉయెషిబా దారిలో అయాబే పట్టణంలో ఆగి, ఓమోతో అనే నూతన మతసంస్థకు నాయకుడైన ఒనిసబురో దెగుచిని కలుసుకొన్నారు. ఆ పరిచయం ఆయన ఆలోచనను లోతుగా మార్చింది. తండ్రి మరణం తరువాత అయాబేలోనే కాపురం పెట్టి సాధన సాగించారు. 1925లో ఒక నౌకాదళ అధికారి కొయ్యకత్తితో ఆయనపై తలపడినట్లు జీవితచరిత్రలలో ఉన్నది. ఉయెషిబా ఒక్క దెబ్బయినా తిరిగి కొట్టకుండా, ప్రతి వేటునూ తప్పించుకొంటూ, ప్రత్యర్థి అలసిపోయేవరకు నిలిచారట. అటుపిమ్మట తోటలో ఉన్నప్పుడు, యుద్ధవిద్యకు పరమార్థం శత్రువును జయించడం కాదనీ, ప్రాణులను కాపాడే ప్రేమయే అనీ తనకు స్ఫురించినట్లు ఆయన తరువాతికాలంలో చెప్పుకొన్నారు.

1927లో ఆయన టోక్యో నగరానికి వచ్చారు. 1930లో జూడో స్థాపకుడు జిగోరో కానో ఆ సాధన చూచి మెచ్చి, తన శిష్యులలో కొందరిని నేర్చుకొనుటకు పంపారు. 1931లో కోబుకాన్ అనే సాధనశాల వెలసింది. యుద్ధానంతరం 1948లో ఐకికాయ్ అనే సంస్థ ప్రభుత్వామోదం పొందగా, ఆయన కుమారుడు కిస్షోమారు (1921-1999) ఈ విద్యను సామాన్య జనులకు, విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చారు. 1969 ఏప్రిల్ 26న ఉయెషిబా కన్నుమూశారు.

చాపలపై జరిగేది

సాధనశాలను జపాన్ భాషలో ‘దోజో’ అంటారు. నేలపై చాపలు పరచి ఉంటాయి. సాధకులు మోకాళ్లపై కూర్చొని వంగి నమస్కరించి సాధన మొదలుపెడతారు. గురువు ఒక ప్రయోగాన్ని చూపుతారు. తరువాత ఇద్దరిద్దరు జతగా దానిని అభ్యసిస్తారు. సాధారణంగా ఒకరు కుడివైపు రెండుసార్లు, ఎడమవైపు రెండుసార్లు ప్రయోగించిన పిమ్మట పాత్రలు మారుతాయి. అంతవరకు పడవేసినవాడు ఇక పడవలసినవాడు. బలవంతుడు, బలహీనుడు, స్త్రీ, పురుషుడు, పాతవాడు, కొత్తవాడు అన్న భేదం లేకుండా జతలు కూడుతాయి. ఐకికాయ్ సంప్రదాయంలో పోటీలు లేవు, పతకాలు లేవు.

ఇక ప్రయోగం సంగతి చూద్దాం. ఎదుటివాడు మన మణికట్టును గట్టిగా పట్టుకొన్నాడనుకొందాం. మనకు సహజంగా తోచేది చేతిని వెనుకకు గుంజుకోవడం. గుంజినకొద్దీ అతని పట్టు బిగుస్తుంది. ఎవరికి బలం ఎక్కువ అన్నదే ప్రశ్న అవుతుంది. ఐకిడోలో మొదటి పాఠాలలో ఒకటైన ‘తెన్‌కాన్’ వేరొక దారి చూపుతుంది. పట్టుబడిన చేతిని దాని చోటనే ఉంచి, ఆ చేతినే ఇరుసుగా చేసుకొని శరీరాన్ని తిప్పాలి. ఒక్క అడుగు వేసి తిరిగేసరికి మనం అతని పక్కన ఉంటాము. ఇంతవరకు ఎదురెదురుగా చూచిన ఇద్దరూ ఇప్పుడు ఒకే దిక్కుకు చూస్తున్నారు. అతని బలానికి అడ్డు తగిలేది ఏదీ లేనందున ఆ బలం తన దారిన సాగిపోతుంది, దానిని వెంటబెట్టుకొని నడిపించడం సులువవుతుంది.

దీని తోడు ‘ఇరిమి’, అనగా లోనికి ప్రవేశించడం. పైనుండి తలపైకి దెబ్బ దిగుతున్నప్పుడు వెనుకకు తగ్గితే రెండవ దెబ్బ తప్పదు. అందుచేత సాధకుడు దెబ్బ దిగే గీత నుండి రవంత పక్కకు తొలగుతూనే ముందుకు అడుగు వేసి, కొట్టేవాని భుజం పక్కకు చేరుకొంటాడు. వేటు పూర్తి వేగం పుంజుకొనక ముందే ఈ అడుగు పడాలి. సామరస్యమంటే తగ్గిపోవడమని భావించేవారికి ఇదే సమాధానం. దెబ్బకు భయపడి వెనుకాడేవానికి ఈ పొందిక దొరకదు.

ఇందులో మంత్రతంత్రాలు ఏమీ లేవు, ఉన్నది శరీరధర్మమే. రెండు కాళ్లపై నిలిచిన మనిషి తన పాదాలను కలిపే గీత వెంబడి ఎంత దృఢంగా నిలిచినా, ఆ గీతకు అడ్డంగా ముందుకో వెనుకకో కదిలిస్తే ఒక కాలు ఊడిన ముక్కాలిపీట వలె ఒరుగుతాడు. లేని ఆ మూడవ కాలు ఎక్కడ ఉండాలో గుర్తించి అటువైపు నడిపించడమే సమతౌల్యాన్ని తప్పించే రహస్యం. దీనికి దూరం కూడా కుదరాలి. ఇద్దరి మధ్య ఉండవలసిన ఎడాన్ని ‘మా-అయి’ అంటారు. ఇందులోని ‘అయి’ పేరులో ఉన్న ఆ ‘ఐ’ అక్షరమే. మరీ దగ్గరైతే తిరగడానికి చోటుండదు, మరీ దూరమైతే కలిసే వీలుండదు. సామరస్యంలో ఎడం కూడా ఒక భాగమన్నమాట.

పడేవాని పాత్ర

ప్రదర్శనలు చూచేవారి దృష్టి సాధారణంగా పడవేసేవానిపైనే నిలుస్తుంది. కాని సాధనలో సగభాగం పడేవానిది. అతనిని ‘ఉకె’ అంటారు, అనగా స్వీకరించేవాడు. అతడు చేసే పని ‘ఉకెమి’. కింద పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి చేర్చి, చేతిని చక్రపు అంచు వలె వంచి, భుజం మీదుగా ఏటవాలుగా దొర్లి లేచే నేర్పు అది. కొత్తగా చేరినవారు ముందుగా దీనినే పదేపదే అభ్యసించాలి.

ఉకె బాధ్యతలు రెండు. మొదటిది, నిజాయితీగా దాడి చేయడం. తలపై కొట్టవలసినవాడు తలపైనే గురిపెట్టాలి. తగలని చోట గాలిలో చెయ్యి ఊపితే ఎదుటివానికి కలుపుకొనేందుకు శక్తి ఏదీ ఉండదు. పాత్ర లేకుండా మూత దేనిపై అమరుతుంది? రెండవది, తనకు జరుగుతున్నదానిని చివరివరకు అనుభవిస్తూ, అవసరమైనప్పుడే, అవసరమైనంతే పడడం. పట్టు మితిమీరితే చాపపై చేతితో తడతాడు. ఆ చప్పుడు వినగానే ఎదుటివాడు వదలివేయాలి.

ప్రయోగించేవాని బాధ్యత కూడా ఇంతే గంభీరమైనది. కొత్తవానికి ఎంత వేగం భరించదగినది, పెద్దవయసువారి మోకాలు ఎంతవరకు వంగుతుంది అన్నది అతడు తన చేతుల ద్వారా తెలుసుకొంటూ ఉండాలి. నేలకు దింపిన తరువాత భుజాన్ని, మణికట్టును కదలకుండా నిలిపే పట్టులలో కీలు చాలావరకు తాను సహజంగా వంగే దిక్కుకే సాగుతుంది. విరిచేందుకు ఏర్పడిన విద్య వంచి ఆపే విద్యగా మారిన చోటు ఇదే. తన చేతిలో ఉన్న చెయ్యి విరగగలదని తెలిసి, విరవకుండా ఉండడం ఇందులోని నియమం.

సామరస్యానికి వికృతులు

ఏ సద్గుణానికైనా నకిలీలు ఉంటాయి. ఐకిడో సామరస్యానికి రెండు నకిలీలు ఉన్నవి.

మొదటిది మొహమాటం. పోటీ లేని విద్యలో, గురువు చెయ్యి తగలకముందే శిష్యుడు గౌరవం కొద్దీ ఎగిరి పడడం జరుగుతుంది. చూచుటకు అది ఎంతో సొగసుగా ఉంటుంది. కాని అక్కడ రెండు శక్తులు కలియలేదు, ఒక శక్తి అసలు రానేలేదు. ఐకిడోను విమర్శించేవారు చూపే ప్రధానమైన లోపం ఇదే. ఆ విమర్శలో న్యాయం ఉన్నది. ఈ చిక్కుకు విరుగుడుగానే ఉయెషిబా శిష్యుడు, వసెడా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెంజీ తొమికి, ఎదుటివాడు స్వేచ్ఛగా ప్రతిఘటించే పోటీ పద్ధతిని ప్రవేశపెట్టారు. అందులో ఒకరు మెత్తని నకిలీ బాకుతో దాడి చేస్తారు. గెలుపోటములు ప్రవేశించిన చోట ఐకిడో స్వభావం చెడుతుందని ఐకికాయ్ పెద్దలు దానిని అంగీకరించలేదు. 1974లో మరొక ప్రముఖ శిష్యుడు కోయిచి తోహెయి కూడా ఐకికాయ్ నుండి వేరుపడి తన మార్గం తాను ఏర్పరచుకొన్నారు. సామరస్యాన్ని పేరులో ధరించిన విద్య ఇట్లు పలు శాఖలైనదని కొందరు పరిహసిస్తారు. కాని భేదాన్ని దాచిపెట్టి కలిసి ఉన్నట్లు నటించడం కన్న, భేదాన్ని చెప్పి విడివిడిగా సాధన చేయడమే ఆ విద్య నియమానికి దగ్గరగా ఉన్నదనవచ్చును.

రెండవ నకిలీ నిర్బంధం. ఇది మరింత ప్రమాదకరమైనది. ఇందులో పెద్దవాడు చేసినదానిని చిన్నవాడు నోరెత్తకుండా భరిస్తాడు, బయటికి అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. జపాన్ విశ్వవిద్యాలయాలలోని ఐకిడో సంఘాలలో, ఇంకా సరిగా పడడం రాని మొదటి సంవత్సరపు విద్యార్థులు తలకు దెబ్బ తగిలి మరణించిన సంఘటనలు ఉన్నవి. ఆ ప్రమాదాలను పరిశీలించినవారు ‘షిహో-నాగె’ అనే ప్రయోగాన్ని ముఖ్యంగా పేర్కొన్నారు. అందులో పడేవాని చెయ్యి మడత పడి భుజం వెనుకకు పోతుంది. వేగంగా విసిరితే తల వెనుకభాగం నేలను తాకుతుంది. ఆ విద్యార్థులు తమ కన్న పెద్ద తరగతులవారి చేతులలో, వారిని కాదనలేని స్థితిలో ఉన్నారు. ఏ తల్లిదండ్రులైనా సాధనశాలకు పంపిన బిడ్డ క్షేమంగా తిరిగి వస్తాడనే నమ్ముతారు కదా! కొత్తవాడు చేతితో చాపను తట్టడానికి కూడా జంకే చోట సామరస్యం గోడమీది వ్రాత మాత్రమే.

ఇదే నిర్బంధం సాధనశాలను దాటి ఒక దేశాన్నంతటినీ ఆవరించిన కాలమూ ఉన్నది. 1937లో జపాన్ విద్యామంత్రిత్వశాఖ ప్రచురించిన ‘కొకుతాయ్ నో హోంగి’ అనే గ్రంథం ‘వా’ను జాతీయగుణంగా కీర్తించింది. వ్యక్తి తన అభిప్రాయాన్ని విడిచి చక్రవర్తి రాజ్యంలో లీనం కావడమే ఆ సామరస్యం. ఆ సంవత్సరమే చైనాపై యుద్ధం చెలరేగింది. ఆ దశకంలో ఉయెషిబా స్వయంగా సైనిక, నౌకాదళ విద్యాలయాలలో బోధించారు. ‘ఐకిడో’ అన్న పేరు కూడా 1942లో, యుద్ధకాలంలో ప్రభుత్వాధీనంలో ఉన్న యుద్ధవిద్యల సంస్థ ద్వారానే స్థిరపడింది. ఆ సంవత్సరమే ఆయన టోక్యోలోని పదవులను విడిచి ఇబరాకి మండలంలోని ఇవామా గ్రామానికి చేరి, పొలం దున్నుకొంటూ సాధన చేశారు. నగరంలోని ఆయన సాధనశాలలో, బాంబులకు ఇళ్లు కోల్పోయిన కుటుంబాలు తలదాచుకొన్నవి. ప్రేమమార్గమనే బోధ యుద్ధానంతరం అంత బలంగా వినిపించడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణమై ఉండవచ్చును.

పరీక్ష ఏది?

మరి నిజమైన సామరస్యాన్ని నకిలీ నుండి వేరుచేసే గుర్తు ఏమిటి? పైన చెప్పిన విషయాలలోనే మూడు గుర్తులు దొరుకుతాయి. మొదటిది, అక్కడ నిజమైన శక్తి ఎదురుకావాలి. వ్యతిరేకత లేని చోట సామరస్యం అనే మాటకు పనిలేదు. రెండవది, ఆ శక్తిని అణచకుండా, దానికి లొంగకుండా దాని దారిని మార్చాలి. మూడవది, పాత్రలు మారాలి. ఎప్పుడూ ఒకడే పడవేసేవాడు, మరొకడే పడేవాడు అయితే అది పెత్తనమే అవుతుంది. నాలుగుసార్లు పడవేసినవాడు నాలుగుసార్లు పడాలన్న చిన్న నియమంలో పెద్ద న్యాయం ఉన్నది. పడడం తెలిసినవానికి పడవేయడంలో హద్దు తెలుస్తుంది.

మనలో చాలామంది ఏనాడూ ఐకిడో సాధన చేయకపోవచ్చును. కాని తరగతి చర్చలో, వక్తృత్వపు పోటీలో, విద్యార్థి సంఘం సమావేశంలో, వసతిగృహంలో మనకు ఎదురుమాట రాని రోజు ఉండదు. ఎదుటివాని మాటను గుంజి పడవేయాలనే ఆవేశమూ, గొడవ ఎందుకని తల ఊపి ఊరుకొనే మొహమాటమూ రెండూ మనకు పరిచితమే. మూడవ దారి ఒకటి ఉన్నదనీ, అది ఎదుటివాని పక్కకు చేరి అతడు చూస్తున్న దిక్కును ఒక్క క్షణం తానూ చూడడంతో మొదలవుతుందనీ ఈ విద్య చెబుతుంది. అలా చూచినంత మాత్రాన అతడు చెప్పినది ఒప్పుకొన్నట్లు కాదు. అతడు ఎటు వెళుతున్నాడో తెలిసిన తరువాతనే దారి మార్చడం సాధ్యమవుతుంది.

సాధన ముగిసినప్పుడు చాపలపై ఇద్దరూ మళ్లీ మోకాళ్లపై కూర్చొని, ఒకరికొకరు వంగి కృతజ్ఞత చెప్పుకొంటారు. ఆ సాధన ఎటువంటిదో తెలుసుకోవాలంటే పడవేసినవాని నైపుణ్యాన్ని చూస్తే చాలదు. పడినవాడు క్షేమంగా లేచాడా, మరునాడు భయం లేకుండా తిరిగి వస్తాడా అని విచారించాలి. సామరస్యం ఉన్నదని చెప్పే అధికారం అతనిదే.